టాప్ కోసేస్తే కన్వర్టిబుల్ అయిపోదు

మాఘమాసంలో ముహూర్తాలు మొదలయ్యాయంటే తిరుపతి కల్యాణ మండపాల ముందు టాప్ లేని కార్లు కనిపిస్తాయి. బంతిపూల దండలు, చుట్టూ సీరియల్ లైట్లు, వెనక ఎత్తుగా వేసిన దిండు మీద కొత్త జంట, ముందు బ్యాండు మేళం. మెరవణి కోసం అద్దెకిచ్చే బళ్లవి. పూలు కాస్త పక్కకి జరిపి చూస్తే అసలు రూపం తెలిసిపోతుంది. చాలావరకు పాత మారుతి 800లే. పైకప్పును గ్రైండర్‌తో కోసేసి, కోసిన అంచుల మీద ఇనుప పైపు వెల్డింగ్ పెట్టి, లప్పం పూసి, ఎర్ర రంగో బంగారు రంగో కొట్టి కన్వర్టిబుల్ (టాప్ మడిచి దించుకునే కారు) అంటున్నారు.

మా అక్క కొడుకు పెళ్లి డెకరేషన్ల పని చేస్తాడు. వాళ్లింటి వెనక ఒక 800 ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ పడి ఉంది. దాన్నీ అలాగే కోయించాలని వాడి ఆలోచన. వద్దన్నాను. వాడు వెంటనే అడిగాడు: "చిన్నతాత హెరాల్డ్‌కి టాప్ లేదు కదా మామా? అరవై ఏళ్లనాటి బండి అది. దానికి లేని టెన్షన్ దీనికెందుకు?"

మంచి ప్రశ్న. చాలామంది మనసులో ఉన్న ప్రశ్న కూడా. రెండూ చిన్న కార్లే, రెండూ మామూలు మనుషుల కోసం తయారైనవే. ఒకదానికి టాప్ లేకపోతే అపురూపం, ఇంకోదానికి టాప్ తీసేస్తే తప్పు ఎలా అవుతుంది? ఫోన్లో వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇది ఫోన్లో తేలే విషయం కాదు, ఇనుము దాకా వెళ్లి చూడాలి.

మా చిన్నాయన చిత్తూరులో ఉంటారు. ఆయన దగ్గరున్నది హెరాల్డ్ కన్వర్టిబుల్, రెండు తలుపులది. ఎప్పుడో మద్రాసులో ఒక లాయరు గారి దగ్గర కొన్నారు. హెరాల్డ్ పేరు ఈ తరానికి తెలియకపోవచ్చు. మన దేశంలో కారంటే అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ అనే మూడే పేర్లు వినిపించిన రోజుల్లో ఆ మూడో పేరు దీనిదే. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వాళ్లు మద్రాసు శివార్లలో, వండలూరు దగ్గరి ఫ్యాక్టరీలో 1961 నుంచి దీన్ని తయారు చేశారు. చిత్తూరుకి మద్రాసు ఎంత దూరం? పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. అందుకే మా జిల్లాలో డాక్టర్లు, వకీళ్లు, బెల్లం మండీల వాళ్లు హెరాల్డ్‌లు కొన్నారు. స్పేర్ పార్టులూ మద్రాసు నుంచే, మెకానిక్కులూ మద్రాసులో పని నేర్చుకుని వచ్చినవాళ్లే.

ఇంగ్లండులో ఇది ట్రయంఫ్ హెరాల్డ్. 1959లో వచ్చింది. రూపం గీసింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి. ఈ కారు అలా ఎందుకు తయారైందన్న కథ నాకు చాలా ఇష్టం. అప్పటికే యూరప్‌లో కార్ల కంపెనీలు చాసిస్ (బండిని మోసే కింది చట్రం) వేరు, బాడీ వేరు అనే పాత పద్ధతి వదిలేస్తున్నాయి. రేకులన్నీ కలిపి వెల్డింగ్ చేసి, బాడీనే చాసిస్‌గా వాడే మోనోకాక్ పద్ధతికి మారుతున్నాయి. తేలిక, చవక. ఈ కారు చేసిన స్టాండర్డ్ ట్రయంఫ్ వాళ్లూ అలాగే మారేవాళ్లేమో గానీ వాళ్లకొక చిక్కు వచ్చిపడింది. వాళ్లకి బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని 1953లో ప్రత్యర్థి కార్ల కంపెనీ బీఎంసీ కొనేసింది. అంత పెద్ద బాడీని ఒకే చోట చేసిచ్చేవాళ్లు దొరకలేదు. దాంతో ఇంజనీరు హ్యారీ వెబ్‌స్టర్ బృందం పాత పద్ధతికే వెళ్లింది. కింద విడిగా గట్టి చాసిస్ పెట్టి, పైన బాడీని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టింది. చిన్న కర్మాగారాలు ఒక్కో భాగం చేసిస్తే, అన్నీ తెచ్చి బోల్టులతో బిగించేయొచ్చు.

అంటే బరువు మోసేది, మెలి తిరక్కుండా ఆపేది కింద ఉన్న చాసిస్. ముందు అద్దం, డ్యాష్‌బోర్డు ఉన్న భాగం ఒకటి. వెనక సీటు, డిక్కీ ఉన్న భాగం ఇంకొకటి. పైకప్పు కూడా బోల్టులతో బిగించిన ఒక విడిభాగమే. సెలూన్, అంటే టాప్ ఉన్న మామూలు కారులో, స్పానర్ పెట్టి రూఫ్‌ని విప్పి పక్కన పెట్టేయొచ్చు. తలుపుల కింద ఉండే రన్నింగ్ బోర్డు కూడా బోల్టులతో బిగించిందే, దానిమీద పెద్ద భారం లేదు. ఇలాంటి కారుకి కన్వర్టిబుల్ రూపం ఇవ్వడానికి కింద ఏమీ పెద్దగా మార్చక్కర్లేకపోయింది. 1960లో కన్వర్టిబుల్ వచ్చింది, 1961లో ఎస్టేట్, 1962లో కొరియర్ అనే వ్యాను. ఒకే చాసిస్ మీద ఇన్ని రూపాలు. సప్లయర్ చెయ్యిచ్చిన కష్టంలోంచి, కంపెనీ ముందుగా అనుకోని ఇంత వెసులుబాటు పుట్టింది. ఈ బోల్టుల పద్ధతి వల్లే విడిభాగాలుగా ఓడలో పంపి ఇతర దేశాల్లో బిగించడం కూడా తేలికైంది. మద్రాసుకి ఈ కారు రావడానికి అదీ కలిసొచ్చింది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. హెరాల్డ్ సెలూన్ రూఫ్ విప్పేసినంత మాత్రాన అదీ కన్వర్టిబుల్ అయిపోదు. మడిచే గుడ్డ టాప్‌కి, అంటే హుడ్‌కి, ఫ్రేమ్ కావాలి, ఆ ఫ్రేమ్ కూర్చోవడానికి వెనక రెండు పక్కలా చోటు కావాలి, బిగింపులు కావాలి. అందుకే కన్వర్టిబుల్‌లో వెనక సీటు కాస్త ఇరుకు. చిన్నాయన బండి హుడ్ వేయడం చూస్తే ఈ లెక్క అర్థమవుతుంది. ముందు వెనకనున్న కవర్ టిచ్ బటన్లు ఒక్కొక్కటే ఊడదీస్తారు. మడిచి ఉన్న ఫ్రేమ్‌ని రెండు చేతులతో పట్టుకుని, పైకి లాగకుండా ముందుకి తోస్తూ తెరుస్తారు. ఇనుప కమ్ములు ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకుని గుడ్డ బిగుసుకుంటుంది. ముందు అద్దం పై అంచు దగ్గరున్న రెండు పిడులు తిప్పి గట్టిగా నొక్కితే టక్కుమని పడతాయి. వెనక కిటికీ అద్దం కాదు, మెత్తటి ప్లాస్టిక్. చిత్తూరు ఎండకి అది పసుపురంగు తిరుగుతుంది, వంచి మడిస్తే పగులుతుంది. అందుకని హుడ్ దించేటప్పుడు ఆ ప్లాస్టిక్ మడత పడే చోట పాత కాటన్ పంచె ఒకటి పెడతారు చిన్నాయన. ఆ పంచె ఎప్పుడూ డిక్కీలోనే ఉంటుంది.

బానెట్ సంగతి కూడా చెప్పి ముందుకెళ్తాను. హెరాల్డ్ బానెట్ మామూలు కార్లలా ఒక్క మూత లేవదు. రెండు పక్కలా బయటే ఉన్న గొళ్లేలు తీస్తే మడ్‌గార్డులతో సహా ముందు భాగం మొత్తం ముందుకి వాలిపోతుంది. ఇంజను, స్టీరింగ్, ముందు సస్పెన్షన్ అన్నీ కళ్లముందే. ముందు చక్రం మీద కూర్చుని ప్లగ్గులు విప్పొచ్చు. 948 సీసీ ఇంజను, నాలుగు సిలిండర్లు, అర్థం కాని వైరు ఒక్కటీ ఉండదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే దాదాపు 25 అడుగుల వ్యాసంలో కారు తిరిగిపోతుంది. చిత్తూరు పాత బజారు సందుల్లో ఇప్పటి కార్లు రివర్సు కొట్టే చోట ఇది ఒక్క తిప్పుకి వచ్చేస్తుంది. టాప్ ఉన్న హెరాల్డ్‌కీ ఇదే ఇంజను, ఇదే గేర్‌బాక్సు, ఇదే బానెట్. నాకు ఈ కన్వర్టిబుల్ మీద అంత ప్రేమ ఉండటానికి కారణం కూడా అదే. ధనవంతుల కోసం విడిగా చేసిన బొమ్మ కాదిది. గుమాస్తా నడిపే కారుకే ఆకాశం తెరిచి ఇచ్చారు. చెడిపోతే అదే మెకానిక్కు, అవే పార్టులు.

ఇప్పుడు మారుతి 800 దగ్గరికొద్దాం. ఆ కారంటే నాకు చులకన లేదు. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి దాకా తయారైన బండి, ఎన్నో ఇళ్లకి మొదటి కారు. దాని తేలికదనం, మైలేజీ, మన్నిక అన్నీ మోనోకాక్ బాడీ వల్లే సాధ్యమయ్యాయి. కానీ ఆ బాడీలో విడిగా చాసిస్ అనేది లేదు. ఫ్లోరు, రన్నింగ్ బోర్డులు, ముందు అద్దం పక్క స్తంభాలు, తలుపుల మధ్య స్తంభాలు, వెనక స్తంభాలు, పైకప్పు, అన్నీ కలిస్తేనే చాసిస్. ఒక స్వీటు డబ్బా తీసుకోండి. మూత పెట్టి టేపు వేసి, ఎదురెదురు మూలలు పట్టుకుని మెలిపెట్టండి. కదలదు. మూత తీసేసి మళ్లీ మెలిపెట్టండి. అట్ట అదే, మందం అదే, కానీ చేతిలో వంకర్లు పోతుంది. పైకప్పు కోసినప్పుడు మారుతికి జరిగేది ఇదే. రేకు బరువు తగ్గింది అనుకుంటారు గానీ, పోయింది రేకు కాదు, పెట్టెకున్న ఒక పక్క మొత్తం.

రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డులో అలా కోసిన 800 ఒకటి రిపేరుకి వస్తే దగ్గరుండి చూశాను. టైరు మార్చడానికి ముందు పక్క జాకీ పెట్టి లేపారు. డ్రైవరు తలుపు తీద్దామని హ్యాండిల్ లాగాను. లాక్ విడిపోయింది, తలుపు మాత్రం రాలేదు. చూస్తే తలుపు పై అంచుకీ వెనక స్తంభానికీ మధ్య ఉండాల్సిన సందు లేదు, ఇనుముకి ఇనుము ఒరుసుకుని ఉంది. కింద మాత్రం సందు వేలు దూరేంత ఉంది. కారు నడుము దగ్గర కిందికి వంగిందన్నమాట. అక్కడి మెకానిక్కు అబ్బాయి "ఏం కాదు సామీ, కిందికి దింపితే వచ్చేస్తాది" అన్నాడు. దింపాక నిజంగానే వచ్చింది. కానీ ముందు అద్దం కింది మూల నుంచి పైకి ఒక పగులు పాకి ఉంది. అద్దం పక్క స్తంభం డ్యాష్‌బోర్డుతో కలిసే చోట పెయింటు జుట్టంత సన్నగా చిట్లి, ఆ చీలికలో తుప్పు మొదలైంది. రాయి తగిలితే ఇలా ఉండదు. రోడ్డు మీద ప్రతి గుంతకీ ఆ స్తంభం అటూ ఇటూ వంగుతోంది. మోయడానికి పైకప్పు లేదు కాబట్టి మొత్తం పని ఆ మూల మీద పడుతోంది. అంచుల చుట్టూ వేసిన పైపు ఎంత గట్టిదైనా అది అంచుకే బలం. ఫ్లోరు మెలి తిరగకుండా ఆపాలంటే పని కింద జరగాలి, రన్నింగ్ బోర్డుల లోపల, సీట్ల కింద అడ్డంగా, చక్రాల మూలల దగ్గర.

సీటు బెల్టు గురించి ఎవరూ మాట్లాడరు. ముందు సీట్ల బెల్టు పై కొన బిగించి ఉండేది తలుపు వెనక స్తంభానికి. టాప్‌తో పాటు దాన్నీ సగానికి కోసేస్తే ఆ బెల్టు ఎక్కడ బిగిస్తారు? నేను చూసిన బండిలో బెల్టులే లేవు.

మోనోకాక్ చిన్న కారుని కన్వర్టిబుల్ చేయడం అసాధ్యమని నేను అనడం లేదు. చేశారు. కానీ చేసినవాళ్లు దానికోసం ఏం వదులుకున్నారో చూడాలి. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌నే తీసుకోండి. యూరప్‌లో అంత మామూలు కారు ఇంకోటి లేదు. 1979లో దాని కన్వర్టిబుల్ వచ్చింది, జర్మనీలో ఓస్నాబ్రూక్ ఊళ్లో కార్మన్ అనే బాడీ తయారీదారు చేశాడు. కింద అంతా బలపరిచాక కూడా సీట్ల వెనక అడ్డంగా ఒక లావు ఇనుప కమాను శాశ్వతంగా ఉంచేశారు. టాప్ తీసినా అది అలాగే ఉంటుంది. చూడ్డానికి పిడి ఉన్న బుట్టలా ఉందని జర్మన్లు దాన్ని స్ట్రాబెర్రీ బుట్ట అని పిలిచారు. అందం తగ్గిందని తెలిసీ ఆ కమాను తీయలేదు, ఎందుకంటే బాడీ బిగువు, బెల్టుల బిగింపు, బోల్తా పడితే తలకి రక్షణ అన్నీ దానిమీదే ఆధారపడ్డాయి. ఆ మొదటి రూపం 1993 దాకా తయారైంది, దాదాపు 3.9 లక్షల కార్లు.

మన మారుతికి మరీ దగ్గరి చుట్టం ఇంకొకటుంది. 1990లో మన దేశంలో మారుతి 1000 అనే కారు వచ్చింది కదా, తర్వాత ఎస్టీమ్ అయింది. అది సుజుకి కల్టస్ కుటుంబం. అదే కుటుంబం కారు అమెరికాలో జియో మెట్రో పేరుతో అమ్ముడైంది. లీటరు ఇంజను, మూడు సిలిండర్లు, అక్కడ అంతకన్నా చిన్న, చవక కారు దొరకడం కష్టం. 1990 నుంచి 1993 వరకు దానికి కన్వర్టిబుల్ రూపం కూడా ఉంది. సుజుకి స్వయంగా జపాన్‌లో చేసింది. కారు పుట్టించిన కంపెనీ, దాని డ్రాయింగులన్నీ చేతిలో ఉన్న ఇంజనీర్లు, వాళ్లు కూడా ఏం చేశారు? వెనక సీటు తీసేసి ఇద్దరు కూర్చునే కారుగా మార్చారు, బాడీకి అదనపు బలం పెట్టారు. నలుగురిని ఎక్కించుకుని టాప్ లేకుండా తిరగడానికి కంపెనీయే ముందుకు రాని చోట, రేకు కత్తెరతో మనం నలుగురిని ఎక్కించి, వెనక ఇద్దరిని నిలబెడుతున్నాం.

నిస్సాన్ 1991లో మైక్రా చిన్నకారు మీద ఫిగారో అని ఒకటి చేసింది. మొత్తం 20,000 కార్లు మాత్రమే. కొనడానికి జనం ఎగబడితే లాటరీ వేసి ఇచ్చారు. అందులో మధ్యలో ఉన్న గుడ్డ భాగం మాత్రమే వెనక్కి మడుచుకుంటుంది, తలుపుల పైనుండే ఇనుప పట్టీలు, స్తంభాలు యథాతథంగా ఉంటాయి. పెట్టె పెట్టెలాగే ఉంటుంది, మూత నడుమ కిటికీ తెరిచారు. నా దృష్టిలో మోనోకాక్ చిన్నకారుకి అన్నిటికన్నా బుద్ధిగా చేసిన పని అదే.

ఇలా రెండు దేశాల్లో, మూడు కంపెనీలు, మూడు రకాలుగా సమాధానం వెతికాయి. అన్నీ ఒప్పుకున్న సంగతి ఒకటే, పైన ఏం తీస్తే దానికి సరిపడా వేరే చోట ఇవ్వాలి. తిరుపతి మెరవణి కార్లలో ఆ ఇవ్వడం అనేది లేదు.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. మా వాడే చెప్పాడు. "మెరవణి అంటే మనిషి నడిచేంత స్పీడే కదా మామా, అక్కడ ఏం యాక్సిడెంట్ అవుతుంది?" మండపం ముందు నిజమే. కానీ ఆ బండి మండపంలో పుట్టదు. తిరుపతి నుంచి పుత్తూరుకో, చంద్రగిరికో, శ్రీకాళహస్తికో దాని చక్రాల మీదే వెళ్లాలి. అర్ధరాత్రి పెళ్లి ముగిశాక, నిద్రమొహంతో ఉన్న డ్రైవరు హైవే మీద లారీల మధ్య ఖాళీ రోడ్డు చూసి తొక్కుతాడు. పైగా మెరవణిలో నెమ్మదిగా వెళ్తున్నా వెనక సీటు మీద ఎంతమంది నిలబడతారో మనకి తెలియనిదా? పెళ్లికొడుకు, తోడుపెళ్లికొడుకు, ఇద్దరు పిల్లలు. ఆ బరువంతా పడేది నడుము విరిచిన బండి మీద.

రెండో వాదన, ఎలాగూ తుక్కుకి పోయే కారే కదా అని. తుక్కుకి పోవాల్సిన కారు అంటే తుప్పు పట్టిన కారు. తుప్పు మొదట తినేది ఏది? ఫ్లోరు, రన్నింగ్ బోర్డులు. పైకప్పు కోసాక మిగిలే బలం ఏదైనా ఉంటే అది అక్కడే ఉండాలి. అంటే కోయడానికి ఎంచుకునే బండే అన్నిటికన్నా కోయకూడని బండి.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో వాదించడానికి ఏమీ లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణలో, అనుమతి లేని ప్రతి మార్పుకీ యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పెట్టారు. ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పకుండా మార్చిన బండికి ఏదైనా అయితే క్లెయిము నిలబడకపోవచ్చు. 15 ఏళ్లు దాటిన బండి ఆర్‌సీ రెన్యువల్‌కి ఆర్టీవో ఆఫీసులో చూపించాలి, టాప్ లేని 800 అక్కడ ఎలా చూపిస్తారు?

టాప్ లేని బండి మీద కొత్త జంటని ఊరేగించాలనే కోరికని నేను తప్పు పట్టడం లేదు. వీధిలో జనం అంతా చూడాలి, పూలు చల్లాలి, అందులో ఆనందం ఉంది. కానీ దానికి కంపెనీయే ఓపెన్‌గా చేసిన బళ్లు మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. మహీంద్రా జీపులు ఉన్నాయి. 1985లో వచ్చిన మారుతి జిప్సీ సాఫ్ట్ టాప్ ఉంది. 2020లో వచ్చిన థార్‌లో మడిచే టాప్ రకం కూడా చేశారు. వీటన్నిటికీ కింద విడిగా చాసిస్ ఉంది, హెరాల్డ్‌కి ఉన్నట్టే. మా వాడు చివరికి జిప్సీ ఒకటి చూసుకున్నాడు. పూలు కడితే దానిమీదా అందంగానే ఉంటాయి.

అయితే వాడు వదల్లేదు, "పోనీ చిన్నతాత బండినే తిప్పుదామా?" అన్నాడు. అదీ కుదరదు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు లేని కార్లు, బైకుల్ని వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల గడువు, నంబరులో వీఏ అనే అక్షరాలు. కానీ అలాంటి బండిని అద్దెకి గానీ రోజువారీ పనులకి గానీ తిప్పకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలు కోసం, రిపేరు కోసం రోడ్డెక్కొచ్చు.

ఆ రూల్లో నాకు బాగా నచ్చింది మార్పులు లేకుండా ఉండాలన్న మాట. ఎందుకంటే నిజమైన కన్వర్టిబుల్ చేతిలో ఉన్నవాళ్లు కూడా దాన్ని పాడు చేస్తున్నారు, వేరే రకంగా. హెరాల్డ్ ఇంజను తీసేసి వేరే కారు ఇంజను, గేర్‌బాక్సు పెట్టడం, వెడల్పు అల్లాయ్ వీల్స్ వేయడం, వెనక ఇరుసు మార్చేయడం. ఆ ఇరుసు విషయంలో వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. హెరాల్డ్ వెనక చక్రాలు విడివిడిగా ఊగే స్వింగ్ యాక్సిల్ మీద ఉంటాయి. మలుపులో వేగంగా ఉన్నప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేస్తే వెనక భాగం పైకి లేచి, చక్రం కిందికి ముడుచుకుని, బండి పట్టు తప్పుతుంది. మన మెకానిక్కులకీ ఓనర్లకీ అది నచ్చకే 1970ల్లో స్టాండర్డ్ గెజెల్ అనే కారు చేసినప్పుడు కంపెనీ మామూలు ఇరుసు పెట్టింది. కానీ తెలిసి నడిపితే అదేం మృత్యువు కాదు. పలమనేరు రోడ్డులో మొగిలి ఘాట్ దిగేటప్పుడు చిన్నాయన నాకు చెప్పింది ఒకటే: "మలుపు రాకముందే బ్రేకు కొట్టు. మలుపులోకి దూరినాక కాలు తీయొద్దురా, సన్నంగా తొక్కుతానే ఉండు." అలా నడిపితే ఆ బండి మలుపుల్లో ఎంత హాయిగా పోతుందో నడిపినవాళ్లకే తెలుసు. ఇరుసు మార్చేస్తే ఆ పాఠమూ పోతుంది, ఆ నడకా పోతుంది.

ఈ రాయలసీమ ఎండల్లో టాప్ లేని కారేమిటి అని నవ్వేవాళ్లకి కూడా ఒక మాట. మండుటెండలో హుడ్ వేసుకుంటారు, అందుకే దానికి హుడ్ ఉంది. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున చిత్తూరు నుంచి కాణిపాకం వైపు టాప్ దించి వెళ్తే, పొలాల మీద మంచు, చెరుకు గానుగల దగ్గర బెల్లం వండే వాసన నేరుగా ముక్కుకి తగులుతాయి. ఏసీ కారులో పోతే ఆ ఊళ్లు ఎప్పుడు దాటామో కూడా తెలియదు. ఇలాంటి బండిని కవరు కప్పి షెడ్డులో దాచేస్తే సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి, హుడ్ గుడ్డ మడతల దగ్గర చిట్లుతుంది. రూల్ ఒప్పుకున్నంత మేర ప్రతి ర్యాలీకీ, ప్రతి ప్రదర్శనకీ తీయాలి. పిల్లలు దగ్గరికొచ్చి బానెట్ ఎలా వాలుతుందో చూడాలి.

ఇది చదివేవాళ్లలో చిత్తూరు, పుత్తూరు, నగరి, మదనపల్లె వైపు ఎవరి పాత ఇంట్లోనైనా హెరాల్డ్ పడి ఉంటే, అమ్మే ముందు కొన్ని చూడండి. బాడీ మీద తుప్పు చూసి భయపడొద్దు, ఆ భాగాలు బోల్టులు విప్పి మార్చుకునేవే. కింద పడుకుని చాసిస్ చూడండి. మధ్య దూలాల నుంచి పక్కలకి వచ్చే చేతులు, డిక్కీ కింద వెనక కొనలు సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి శబ్దం వస్తే బండి బతికున్నట్టే, పొడి రాలితే అక్కడ కొత్త ఇనుము వేయాలి. ముందు అద్దం ఫ్రేమ్ అడుగున, కాళ్లు పెట్టే చోట మూలల్లో నీరు నిలిచి తినేస్తుంది, మ్యాట్లు ఎత్తి చూడండి. టాప్ లేకుండా ఉంటే, వెనక రెండు పక్కలా హుడ్ ఫ్రేమ్ బిగింపులు, అద్దం పై అంచులో పిడులు పడే చోట్లు ఉన్నాయేమో వెతకండి. ఉంటే, చిరిగిపోయిన పాత హుడ్ గుడ్డ అయినా సరే పారేయకండి. సీటు కవర్లు కుట్టే టైలరుకి కొలతకి అదే ఆధారం. చిన్నాయన హుడ్ కూడా చిత్తూరులో అలా పాతదాన్ని విప్పి, కుట్లు లెక్కపెట్టి, దానిమీద పెట్టి కత్తిరించిందే.